పదకొండిళ్ల సిస్టరు

సిస్టర్ అకిన్యి మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు మా అత్త ఆమె ముఖం మీదే తలుపు వేసేసింది.

అది మార్చి మూడో వారం. నీళ్ల లారీ వచ్చి పోయింది. నింపిన బిందెలు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. వీధి మొదట్లో పిల్లల గోల వినిపిస్తే ఏమిటా అని తొంగిచూశాను. బూడిదరంగు గౌను, తలమీద అదే రంగు ముసుగు, మెడలో చెక్క సిలువ, భుజాన గుడ్డసంచి. ఆరడుగులకు కాస్త తక్కువ మనిషి. నల్లగా నిగనిగలాడుతోంది. మా వాషర్‌మెన్‌పేట్ సందులో ఆమె నడిచివస్తుంటే రెండు వైపుల అరుగులూ జరిగి దగ్గరైనట్టు అనిపించింది.

"ఎవురే ఆ యమ్మ?" అంది మా అత్త. ఆమెను వీధిలో అందరూ మునియక్క అంటారు. డెబ్బై రెండేళ్లు.

"రంజని ఫోన్ చేసింది గదత్తా, సిస్టర్ల మఠానికి. కాలూ చెయ్యీ పడిపోయినోళ్లకి ఇంటికే వచ్చి చేస్తారని. ఆమే."

"మన సిస్టరు వస్తాదనుకుంటే, ఏ దేశం నుంచి వచ్చిందో ఈమె! జెబం చేసి మెడలో సిలువ ఏసి పోతే ఎవురే అడిగేది?" అంటూ గొళ్లెం పెట్టింది.

ఆమె తలుపు తట్టలేదు. అరుగు మీద కూర్చుంది. అరగంట దాటాక కిటికీలోంచి చూస్తే అక్కడే ఉంది. ఎండ అరుగెక్కి ఆమె మోకాళ్ల దాకా వచ్చింది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని వీధిలో పోయే మేకను చూస్తోంది. నేను వెళ్లి గొళ్లెం తీశాను. ఆమె లేచి నిలబడి, చేతులు జోడించి, నేర్చుకుని వచ్చిన మాట అప్పజెప్పినట్టు అడిగింది.

"వణక్కం అక్కా. కాల్ ఎంగే?"

కాలు ఎక్కడ అని. నవ్వు రావలసిన మాటే. నాకు రాలేదు. పక్కకు జరిగి, మంచం మీదున్న కాలు చూపించాను.

మా ఆయన ఆదిమూలం ఊరి బయట మనలిలో ఒక కంపెనీలో ఫిట్టరు. జనవరిలో ఒకరోజు మొదటి షిఫ్టులో స్పానరు జారి కింద పడితే తీసుకోబోయి తానూ పడిపోయాడు. కుడి కాలు, కుడి చెయ్యి, నోట్లో సగం పోయాయి. మాట పూర్తిగా పోలేదు. రెండు మాటలు వంకరగా వచ్చాయని మూడో మాట తనే మానేశాడు. అప్పటికి అతనికి నలభై తొమ్మిది.

నా సంగతి చెప్పాలంటే, జనవరి నుంచి నాకు ఏదీ గట్టిగా తగలడం లేదు. పొయ్యి మీది గిన్నె వట్టి చేత్తో దించి, కింద పెట్టాక చూసుకుంటే వేళ్లు ఎర్రగా ఉండేవి. చుట్టాలు వచ్చి ఏడ్చారు. నేను వాళ్లకు కాఫీ కలిపి ఇచ్చాను. మంగళ గట్టిదిరా అని వాళ్లలో వాళ్లు అనుకున్నారు.

సిస్టరు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పెన్ను వెనకవైపుతో అతని అరికాలి మీద గీత గీసింది. "తెరియుమా?" అంది. తెలుస్తోందా అని. అతను ఫ్యాను వైపు చూశాడు. ఇంకాస్త గట్టిగా గీసింది. ఫ్యాను వైపే చూశాడు.

"జెబం మాత్రం వొద్దని చెప్పు" అంది మా అత్త గోడకు చేరగిలి. కాలేజీకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్న మా అమ్మాయి రంజని ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది.

సిస్టరు తల ఊపింది. "సరి. జెబం ఇల్లె. కాల్ మట్టుం."

ప్రార్థన లేదు, కాలు మాత్రమే. ఒప్పందం అలా కుదిరింది.

* * *

ఆమెది కెన్యా. అక్కడ పెద్ద సరస్సు ఒడ్డున ఒక ఊరు. ఫిజియో చదివి, సిస్టరై, మఠం వాళ్లు పంపితే మన ఊరు వచ్చింది. వచ్చి ఆరు నెలలు. మొత్తం పదకొండిళ్లు ఆమెవి. మా ఇంటికి మంగళ, గురు, శనివారాలు.

ఆమె పేరు మా అత్త నోటికి పట్టలేదు. రెండు రోజులు అకిని, అగిని అని తిప్పలుపడి, మూడోనాటికి "అఖిలా" అని తేల్చేసింది. సిస్టరు కూడా అఖిలా అంటే పలికేది.

ఏప్రిల్ మొదటి వారంలో అనుకుంటా, ఒక సంగతి జరిగింది. కొడుకును మంచం మీద లేపి కూర్చోబెట్టేటప్పుడు మా అత్త ఎప్పుడూ "లెయ్‌రా ఆదిమూలం, లెయ్‌రా" అనేది. సిస్టరు అది విని పెట్టుకుంది. ఆ రోజు అతని వీపు కింద చెయ్యి పెట్టి, ఎంతో మర్యాదగా, గుడిలో మాట్లాడినంత మెల్లగా అంది.

"లెయ్‌రా ఆదిమూలం."

ముందు రంజని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత మా అత్త. చివరికి ఆదిమూలం మూతి ఎడమవైపు సాగింది. గొంతులోంచి గుర్రుమన్నట్టు ఒక శబ్దం వచ్చింది. జనవరి తర్వాత అతను నవ్వడం అదే మొదలు.

"తప్పా?" అంది సిస్టరు భయపడి.

"తప్పు లేదు సిస్టర్" అన్నాను. "మీకంటే పెద్దోడు గదా, 'రా' అనగూడదు. లెయ్యండి అనాల."

"అయ్యో. నిన్న నేను మా చర్చి ఫాదర్ ఆంటోతో కూడా అన్నాను. రారా ఫాదర్ అని."

ఆ తర్వాత రంజని ఇంకో సంగతి బయటపెట్టింది. సిస్టరు ఇన్నాళ్లూ వీధిలో వింటున్నదీ మా ఇంట్లో వింటున్నదీ ఒకే భాష అనుకుంటోంది. వీధిలోది తమిళమనీ, మా ఇంట్లోది తెలుగనీ, మేం తాతల కాలం నుంచి ఈడే ఉన్నా ఇంట్లో మాది మాదేననీ రంజని విడమరిచి చెప్పింది. సిస్టరు కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి నేలమీద కూర్చుంది. అలా కూర్చున్నది చాలాసేపు లేవలేదు.

"ఆరు నెలలు" అంది ఇంగ్లీషులో. "రాత్రిళ్లు నోటుబుక్కులో రాసి బట్టీపట్టాను. సగం మాటలు పక్క వీధిలో పనికిరావు."

తర్వాతిసారి వచ్చేసరికి నోటుబుక్కును మధ్యకు మడిచి రెండు భాగాలు చేసుకుంది.

ఆమె మంచి రోజులు, చెడ్డ రోజులు ఆమె చెప్పకుండానే నాకు తెలిసేవి. మంచి రోజున చెప్పులు వాకిట్లో పక్కపక్కనే ఉండేవి. చెడ్డ రోజున ఎక్కడ విప్పితే అక్కడే. బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే వస్తారట. బండి మీద పోతూ ఎవరో ఏదో అని పోతారట. ఒకరోజు మింట్ వీధి దగ్గర ఒకామె చంటిబిడ్డ ముఖం తన వైపు చూడకుండా తిప్పేసిందట. రెండు నెలలు కష్టపడి కూర్చోబెట్టిన ముసలాయన చనిపోతే, వాళ్ల కొడుకు గుమ్మంలోనే ఆపి ఇక రావద్దన్నాడట. ఇవన్నీ ఆమె రంజనికి చెప్పేది. బస్సు ఆలస్యమైందని చెప్పే గొంతుతోనే చెప్పేది. చేతులు మాత్రం కాలు వదిలేవి కావు. చాపడం, ముడవడం, తిప్పడం.

నాకు ఆ గొంతు నచ్చేది. నా గొంతూ అలాగే ఉంది అప్పుడు.

ఒక శనివారం మా అత్త కాసిమేడు చేపల రేవు నుంచి ఎండు నెత్తళ్లు తెప్పించింది. చేటలో పోసి తలలు గిల్లుతుంటే సిస్టరు పని ముగించుకుని బయటికి వచ్చి, చేట చూసి ఆగిపోయింది. వంగి ఒక గుప్పెడు తీసి వాసన చూసింది. అంత పెద్ద మనిషి చేట పక్కన చతికిలబడింది.

"మా అమ్మ ఇదే" అంది. "ఇదే పని. సముద్రం లేదు మాకు, సరస్సు. వలమీద పోసి ఎండపెడుతుంది. సంతకు తీసుకెళ్తుంది. నా చదువు ఈ చేప."

"అట్లనా!" అంది మా అత్త. "మీ యమ్మ ఉప్పేస్తాదా?"

"లేదు. ఎండ మాత్రం."

"ఉప్పెయ్యకపోతే పురుగు పడతాదని చెప్పు మీ యమ్మకి."

ఆ రోజు ఆమె మా ఇంట్లో తింది. రాగి సంగటి ముద్ద, నెత్తళ్ల పులుసు. ముద్దను వేళ్లతో ఉండచేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటలో పులుసు ముంచుకుని తింటుంటే మా అత్త తన తిండి మానేసి చూసింది. "మన మాదిరే తింటాదే" అని నాతో గుసగుసగా అంది. ఆ తర్వాత ఇంక ఆమె వస్తే తలుపు దగ్గరికి మా అత్తే ముందు వెళ్లేది.

* * *

మే నెలలో కత్తిరి ఎండలు మొదలయ్యాయి. రేకుల పంచ కింద నిలబడితే నెత్తి మాడిపోయేది. సిస్టరు మెడ మీద, చేతుల మీద చెమటకాయలు లేచాయి. అయినా వచ్చింది. మొదటి నాలుగైదు నెలల్లో ఏం తిరిగొస్తే అదేనని, ఆ తర్వాత వచ్చేది చాలా తక్కువని ఆమె ముందే చెప్పింది. అప్పటికి నాలుగు నెలలు దాటాయి.

ఒక మంగళవారం ఆదిమూలం కుడి కాలి బొటనవేలు కదిలింది. చిన్న కదలిక. ఈగ వాలితే తోలినంత. సిస్టరు కాలి మీదికి వంగి, "మళ్లీ" అంది. మళ్లీ కదిలింది. మా అత్త దేవుడి గూడు దగ్గరికి పరిగెత్తింది. రంజని వీడియో తీసింది. నేను చూస్తూ నిలబడ్డాను. కాలేజీ ఫీజు కట్టిన రసీదు చూసినట్టు చూశాను. ఒకటి అయింది, ఇంకా ఉన్నాయి అన్నట్టు.

గురువారం సిస్టరు చెప్పులు వాకిట్లో ఒకటి ఇటు, ఒకటి అటు.

పని అయ్యాక వంటింటి గడప మీద కూర్చుంది. నేను మునక్కాయలు కోస్తున్నాను. రంజని లేదు. అత్త నిద్రపోతోంది. ఆమె తన తమిళం, నా తెలుగు కలిపి మాట్లాడింది. నాకు అంతా అర్థమైంది.

"అక్కా, ఒకటి అడగాలి. మా అమ్మకి ఒడంబు సరి లేదు. ఆస్పత్రిలో ఉంది. తమ్ముడు రా అంటున్నాడు."

"ఏమైంది?"

"కడుపులో. డాక్టరు ఏం చెప్పడం లేదంట." ఫోను రెండు చేతుల మధ్య పెట్టుకుని ఉంది. "నా వీసా పొడిగింపు కాగితం ఇంకా రాలేదు. ఇప్పుడు దేశం దాటితే మళ్లీ మొదటి నుంచి. చాలా నెలలు. రాలేనేమో కూడా. మా మఠం మదర్ నీ ఇష్టం అంది. ఫాదర్ ఆంటో నీ ఇష్టం అన్నాడు. అందరూ నా ఇష్టం అంటున్నారు." తలెత్తి నన్ను చూసింది. "నువ్వు చెప్పు. పోనా?"

ఏం చెప్పాలో నాకు తెలుసు. అందులో ఆలోచించేది ఏమీ లేదు. మా అమ్మ పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను, గొంతులో నీళ్లు పోశాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె భుజం పక్కనుంచి నడవలో మంచం కనిపిస్తోంది. మంచం చివర కుడి కాలు, దుప్పటి బయట.

"మొన్ననే గదా సిస్టర్, వేలు కదిలింది" అన్నాను.

అంతే అన్నాను.

ఆమె ఫోను సంచిలో పెట్టుకుంది. "ఆమా" అంది. "కదిలింది." లేచి సంచి భుజాన వేసుకుంది. వాకిట్లో చెప్పులు వెతుక్కుని వేసుకున్న చప్పుడు వినిపించింది. నేను కాయలు కోయడం ఆపలేదు. ముక్కలన్నీ ఒకే పొడుగు వచ్చాయి.

ఆమె వెళ్లలేదు. శనివారం మామూలుగా వచ్చింది. ఆ రోజే ఆదిమూలం కొత్తగా ఒక మాట మొదలుపెట్టాడు. ఆమె కాలు పట్టుకోగానే ఎడమ చేత్తో ఆమె చెయ్యి నెట్టాడు.

"పో."

"ఏంది?" అన్నాను నేను.

"పో. పో."

నాకు ఒళ్లు మండాలి. మండలేదు గాని మాటలు మాత్రం మండినట్టే వచ్చాయి. "ఆమె చేతి మీద గదా నువ్వు లేస్తా ఉండేది! మాటాడితే ఆమెనే పొమ్మంటావా? సిగ్గులేదూ?"

అతను నన్ను చూశాడు. తర్వాత ఫ్యాను వైపు తిరిగిపోయాడు. సిస్టరు మాత్రం చేతులు తియ్యలేదు. "పరవాలేదు అక్కా" అంది. ఆమె గొంతులో ఏదో ఉంది. నేను దాని జోలికి పోలేదు.

మంగళవారం పో. గురువారం పో. ఆమె వచ్చిన ప్రతిసారీ పో.

ఆ తర్వాతి మంగళవారం, సిస్టరు చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ, "నిన్న మా అమ్మ పోయింది" అంది. "కాల్ నీట్టు" అంది వెంటనే ఆదిమూలంతో. కాలు చాపమని. అతను చాపలేదు.

* * *

వాళ్లలో శవాన్ని వెంటనే మట్టి చెయ్యరట. చుట్టాలంతా రావాలి, పాటలు పాడాలి, శనివారం చూసి చేస్తారట. మే ఆఖరి శనివారం అనుకున్నారు. అక్కడ మధ్యాహ్నం పన్నెండంటే మనకు రెండున్నర. మఠంలో ఉండమని మదర్ అందట. శనివారం మా ఇంటి రోజని సిస్టరు మా ఇంటికే వచ్చింది.

రంజని తన ఫోనును స్టీలు డబ్బాకు ఆనించి నిలబెట్టింది. సిస్టరు తమ్ముడు వీడియో కాల్ చేశాడు. ఇంటి ముందు ఎర్రమట్టి పెరడు, నీలం టార్పాలిన్ పందిరి, ప్లాస్టిక్ కుర్చీలు. తెల్లగుడ్డ కప్పిన పెట్టె. పాడుతున్నారు. ఒక్కొక్కసారి బొమ్మ ఆగిపోయేది. ఎవరో ఒకామె నోరు తెరిచినట్టే ఉండిపోయేది. మళ్లీ కదిలేది.

సిస్టరు చాప మీద బాసింపట్టు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది. కన్నీళ్లు లేవు. పెట్టె దించుతున్నప్పుడు ఒకసారి ముందుకు వంగి, తమ్ముడికి వాళ్ల భాషలో ఏదో చెప్పింది. బొమ్మ కాస్త పక్కకు జరిగింది. గొయ్యి కనిపించింది.

మా అత్తకు ఆ భాష తెలియదు, ఆ మనిషి తెలియదు. కానీ ఫోనులో ఆడవాళ్ల గొంతులు లేచేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగడం మొదలుపెట్టింది. "చేపలమ్మి చదివిస్తివే తల్లీ, చెయ్యి పట్టుకునే కూతురు లేకుండా పోతివే తల్లీ" అని రాగం తీసింది. చావు ఇళ్లల్లో ఏడ్చినట్టే ఏడ్చింది. పక్కింటివాళ్లు ఎవరు పోయారోనని తలుపు దగ్గరికి వచ్చారు.

నేను కాఫీ కలిపాను. అందరికీ ఇచ్చాను. సిస్టరు గ్లాసు తీసుకుని తాగింది.

కాల్ అయిపోయాక ఆమె ముఖం కడుక్కుని వచ్చి మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఆదిమూలం కాలు వెనక్కి లాక్కోబోయాడు. కుడి కాలు. మోకాలు నిజంగానే రెండంగుళాలు ముడుచుకుంది. అది ఎవరమూ గమనించనట్టే ఊరుకున్నాం.

అతను నోరు తెరిచాడు. మెడ నరాలు లేచాయి. ఒక్కొక్క ముక్కే బయటికి తోశాడు.

"నే... పొ... మ్మన్నా. మీ... యమ్మ... కాడికి."

సిస్టరు అతని పాదం మీద చెయ్యి పెట్టింది. "తెలుసు" అంది తెలుగులో. "తెలుసు ఆదిమూలం."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నడవలో మంచం, వంటింటి గడప. మధ్య దూరం ఎనిమిదడుగులు లేదు. ఆ గురువారం అతను నిద్రపోలేదు. అంతా విన్నాడు. నా మాట కూడా.

ఆమె వెళ్లిపోయాక అన్నం తినిపించడానికి కూర్చున్నాను. అతను నోరు తెరవలేదు. నన్ను చూస్తూ ఉన్నాడు. కోపంగా కాదు. కొత్త మనిషిని చూసినట్టు.

"నీకోసమే గదా" అన్నాను.

అతను చాలాసేపటికి నోరు తెరిచాడు. ముద్ద పెట్టాను. మా ఇద్దరి మధ్యా దాని గురించి అంతకు మించి ఎప్పుడూ మాట జరగలేదు.

* * *

జూన్ పదో తేదీ దాటాక సిస్టరుకు కాగితం వచ్చింది. పొడిగింపు లేదు. పద్నాలుగు రోజుల్లో వెళ్లాలి. కారణం అందులో రాయలేదు. ఆమె ఆ సంగతి చెప్పేనాటికి ఆదిమూలం నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని, ఆమె వెనకనుంచి నడుముకు పట్టీ కట్టి పట్టుకుంటే, మంచం నుంచి వీధి తలుపు దాకా వస్తున్నాడు. పదమూడు అడుగులు. అతనికి వచ్చింది అంతే, చెయ్యి రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఉండిపోయినా పంపించేస్తున్నారు. మేలోనే వెళ్లి ఉంటే అమ్మనయినా చూసేది. ఈ లెక్క నేను రోజుకు పదిసార్లు వేసుకున్నాను. ప్రతిసారీ అదే తేలేది. అయినా లోపల ఏమీ కదిలేది కాదు. కదలాలని ఎదురుచూసేదాన్ని.

చివరి గురువారం ఆమె బయలుదేరుతుంటే వాకిట్లోకి వెంట వెళ్లాను.

"సిస్టర్, ఆ రోజు మిమ్మల్ని పొమ్మని చెప్పల్సింది. నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు."

ఆమె చెప్పులు వేసుకోవడం ఆపింది. అరుగు మీద కూర్చుని నన్నూ కూర్చోమని చేత్తో తట్టింది.

"ఐదిళ్లలో అడిగాను అక్కా" అంది. "ఐదిళ్లలోనూ వాళ్ల వాళ్ల కాళ్లే చూపించారు. పొమ్మన్నది ఆదిమూలం ఒక్కడే."

"నామీద కోపం లేదా?"

"ఉండింది." ఆమె ఆలోచించి చెప్పింది. "మా అమ్మ పోయాక నాలుగుసార్లు కోపంతోనే వచ్చాను. మీ అత్తకి చెప్పొద్దు, నేను కాలు పట్టినప్పుడల్లా లోపల జెబం చేసేదాన్ని. గొంతు లేకుండా. ఆ నాలుగుసార్లు చెయ్యలేదు. ఊరికే పట్టాను. కాలికి తేడా తెలియలేదు. అంతకు ముందులాగే పనిచేసింది. అది చూసి నాకు భయం వేసింది."

"తర్వాత?"

"తర్వాత మళ్లీ చేశాను." భుజాలు ఎగరేసింది. "అలవాటు."

ఇంక ఏమైనా చెబుతుందేమో, క్షమించానంటుందేమో అని చూశాను. చెప్పలేదు. నా మోచేతి మీద చెమటకాయల చెయ్యి కాసేపు ఉంచింది. లోపలినుంచి మా అత్త మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి దారం కట్టిన ఎండు నెత్తళ్ల పొట్లం తెచ్చింది. విమానంలో వాసన వస్తుందని రంజని మొత్తుకుంటున్నా వినలేదు. సిస్టరు దాన్ని సంచిలో అడుగున పెట్టుకుని, లోపలికి తొంగిచూసి, "పోయొస్తానురా ఆదిమూలం" అని కేకవేసింది. ఈసారి తప్పని తెలిసే అంది.

* * *

జూలైలో ఫాదర్ ఆంటో వచ్చాడు. ముప్పై అయిదేళ్ల మనిషి. మునియక్కకు భయపడి గుమ్మంలోనే నిలబడ్డాడు. మఠంలో ఫిజియో తెలిసినవాళ్లు ఇంక ఎవరూ లేరని, పదకొండిళ్లలో ఎవరైనా చూసి నేర్చుకుని ఉంటే వారానికి ఒకరోజైనా మిగతా ఇళ్లకు వెళ్లగలరా అని అడుగుతున్నానని అన్నాడు. సిస్టరే నా పేరు రాసి పెట్టిందట.

"మేము గుడికి పోయి సామి కుంబిడేవాళ్లం ఫాదర్" అన్నాను.

"కాళ్లు చాపించడమేనమ్మా" అన్నాడు. "సిస్టరు కూడా అదే చెప్పింది."

ఒప్పుకున్నాను. మంచి మనసుతో అని చెప్పను. పొద్దున సిస్టరు వచ్చే పదిన్నరైతే చేతులు ఖాళీగా ఉండటం నాకు బాగుండలేదు.

మొదటి ఇల్లు మా వీధికి నాలుగు సందుల అవతల. కనకవల్లి అని ఒకామె. అరవై దాటి ఉంటుంది. ఎడమవైపు పడిపోయింది. కోడలు ఉద్యోగానికి పోతూ తలుపు తాళం పక్కింట్లో ఇచ్చి పోతుంది. నేను తాళం తీసుకుని వెళ్లేసరికి ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. ఎవరూ లేరు.

"ఆ నల్ల సిస్టరు రాలా?" అంది.

"ఊరికి పోయింది."

"వాళ్లమ్మ కాడికా?"

మంచం చివర మోకాళ్ల మీద కూర్చుని దుప్పటి తొలగించాను.

"నన్ను అడిగింది" అంది కనకవల్లి పైకప్పు చూస్తూ. "పోవాలా వద్దా అని. నేను కాలు నొప్పి అని చెప్పినా. ఆ రోజు కాలు నొప్పి లేదు."

ఆమె పాదం చేతిలోకి తీసుకున్నాను. మడమ పగుళ్లు అరచేతికి గరుకుగా తగిలాయి. పాదం చల్లగా ఉంది. వీధిలో అంత ఎండ కాస్తుంటే అంత చల్లగా ఎలా ఉందో. ఆ చల్లదనం నా చేతికి తెలిసింది. వేళ్ల నుంచి మణికట్టు దాకా తెలిసింది. మడమ కింద చెయ్యి పెట్టి, మోకాలు పట్టి, సిస్టరు చేసినట్టే మెల్లగా చాపబోయాను. చాపలేకపోయాను. ఏడుపొచ్చింది. జనవరి నుంచి ఎక్కడ ఉందో తెలియని ఏడుపు, అంతకుముందు ఎప్పుడూ చూడని ఆ మనిషి కాలు పట్టుకుని ఏడ్చాను.

కనకవల్లి ఏమిటని అడగలేదు. ఎందుకని అడగలేదు. కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. కాలు మాత్రం నా చేతిలోనే ఉంచింది.